బూసాన్ తాగుడు మానేసిన ఏడాది

"పీత ఆడదా, మగదా?"

"అది సముద్రాన్ని అడగాలి."

సంకేతం సరిపోయింది. చేపల బజారు పొద్దున్నే కిటకిటలాడుతోంది. అరుపులు, బేరాలు, కాళ్ళ కింద ఉప్పునీళ్ళు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, మెడలో తువ్వాలు, పైపెదవి మీద అతికించిన మీసంతో హోటల్ వంటవాడి వేషంలో నిలబడ్డాడు ప్యో దోహన్. ప్రభుత్వ రహస్య విభాగంలో మత్తుమందుల నిరోధక దళానికి బూసాన్ నాయకుడు అతనే. ఆ వేషంలో కన్నతల్లి ఎదురుపడినా పీతల ధరే అడిగి ఉండేది.

ఎదురుగా పీతల బుట్ట పట్టుకున్నవాడు ఓక్ చిల్గు. 'సీ ఆర్కిడ్' అనే విదేశీ ఓడలో పనివాడు. 'నల్ల ఉప్పు' ముఠా సరుకంతా ఆ ఓడలోనే నడుస్తుంది. చిల్గు జీతం ఆ ముఠా దగ్గర తీసుకుంటాడు, కబుర్లు మాత్రం దోహన్‌కి మోస్తాడు. ఎందుకు మోస్తున్నావని దోహన్ ఒకసారి అడిగితే, "మా తమ్ముడు ఆ మందు తిని పోయాడు సార్" అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

"ఈ పూట మాట పెద్దదన్నా," అన్నాడు చిల్గు, పీతని తిరగేసి చూపిస్తున్నట్టు నటిస్తూ.

"చెప్పు."

"జరగండి, జరగండి," అంటూ ఐసు బండి తోసుకుంటూ ఒకడు ఇద్దరి మధ్యనుంచి దూరాడు. ఎడమ కనుబొమ మధ్యలో తెగి ఉంది వాడికి. బండి దాటిపోయింది. చిల్గు ఎవరో గట్టిగా పిలిచినట్టు ఆశ్చర్యంగా చూశాడు, తర్వాత మెల్లగా దోహన్ భుజం మీదికి ఒరిగాడు. బుట్టలో పీతల మీద ఎర్రగా కారుతోంది.

"రేపు... మీ ఓడలు ఊరు దాటగానే... మా సరుకు దిగుతుంది," అన్నాడు చిల్గు. "మీ అంకె తప్పన్నా. మార్చింది బయటివాళ్ళు కాదు. మీ ఇంటి మనిషే."

దోహన్ చేప పెట్టె కిందినుంచి రివాల్వర్ లాగి పరిగెత్తాడు. సందు మలుపులో ఐసు బండి ఒంటరిగా నిలబడి కరుగుతోంది. వాడు లేడు. వెనక్కి వచ్చేసరికి చిల్గు కూడా లేడు, చిల్గు శరీరం ఉంది.

*

రహస్య విభాగం ఆఫీసుకి పైకి జీవిత బీమా బోర్డు ఉంటుంది. లోపల చీఫ్ బాంగ్ ఎండబెట్టిన స్క్విడ్ చేప నములుతూ కూర్చున్నాడు. ఆయన నమిలే వేగాన్ని బట్టి దేశం ఎంత ప్రమాదంలో ఉందో చెప్పొచ్చు. ఆ పూట దవడలు గట్టిగానే ఆడుతున్నాయి.

"ఏ అంకె గురించి అన్నాడు?"

"మన అంకే సార్. మురుగు లెక్క."

చీఫ్ నమలడం ఆపాడు.

మత్తుమందుల మీద ప్రభుత్వం ఎంత గట్టిగా పోరాడుతోందో కొలవడానికి ఒకప్పుడు పట్టుకున్న సరుకు తూచేవాళ్ళు. మూటలు పేర్చి ఫొటోలు దిగేవాళ్ళు. "ఎంత పట్టుకున్నారో కాదు, మీ ఊరు ఎంత మింగిందో చూపించండి" అన్నారు విదేశీ పరిశీలకులు. అప్పటినుంచి మురుగు లెక్క వచ్చింది. ఊరి మురుగంతా చేరే శుద్ధి కేంద్రంలో ఒక యంత్రం గుక్కెడు గుక్కెడుగా నీళ్ళు తీసి సీసాలో నింపుతుంది. ల్యాబ్ ఆ సీసా చూసి ఊరి గుట్టు చెబుతుంది. మనిషి అబద్ధం ఆడతాడు గానీ మరుగుదొడ్డి ఆడదని చీఫ్ బాంగ్ ప్రతి మీటింగులోనూ అనేవాడు.

ఏ ఊరి అంకె పెద్దదైతే, సముద్రంలోనే సరుకు పసిగట్టే స్కానర్ ఓడలు ఆ ఊరి రేవులో ఉంటాయి. వరసగా కొన్నేళ్ళు బూసాన్‌దే పెద్ద అంకె. అంటే సియోల్‌లో జరిగే ప్రతి సమావేశంలోనూ తల వంచుకుని కూర్చోవలసినవాడు దోహన్. ఈ ఏడు ఆ అంకె సగానికి పడిపోయింది. దేశమంతా ఆశ్చర్యపోయింది. దోహన్ మాత్రం ఆశ్చర్యపోలేదు. తన కష్టానికి ఫలితం అనుకున్నాడు. పేపర్లో పడ్డ వార్త కత్తిరించి పర్సులో దాచుకున్నాడు కూడా.

"రేపు మధ్యాహ్నం రేవులో సభ," అన్నాడు చీఫ్. "మంత్రిగారు నీ మెళ్ళో పతకం వేస్తారు. తర్వాత జెండా ఊపి ఓడల్ని, ఇప్పుడు పెద్ద అంకె ఉన్న ఇంచాన్ రేవుకి సాగనంపుతారు. విదేశీ పరిశీలకులు ముందు వరసలో ఉంటారు. టీవీలన్నీ వస్తాయి. పీతలవాడు పోతూ పోతూ అన్నాడని ఇదంతా ఆపమంటావా?"

"ఆపకపోతే సరుకు దిగుతుంది సార్."

"రుజువు పట్రా. నీ ఇంట్లో పాము ఎవడో పట్రా. సభ మొదలయ్యేలోపు తెస్తే ఆపుతా. ఇంద, ఇవి తీసుకెళ్ళు." చీఫ్ సొరుగులోంచి ఒక కళ్ళజోడు, ఒక పెన్ను తీశాడు. "జోడు కాడ నొక్కితే ఫొటో. పెన్ను నొక్కితే ఎదుటివాడు నిద్రపోతాడు. పొరపాటున సంతకం పెట్టకు."

*

ల్యాబ్‌కి ఫోన్ చేశాడు దోహన్. పరీక్షలు చేసిన నిపుణురాలు గొంతు తగ్గించి మాట్లాడింది.

"రిపోర్టులో మీరడిగింది మత్తుమందు ఒక్కటే కద సార్. అది తగ్గింది, తగ్గిందని రాశాం. మిగతావి ఎవరూ అడగలేదు."

"మిగతావంటే?"

"ఆల్కహాల్ కూడా సగానికి పడిపోయింది. సిగరెట్లదీ అంతే. రక్తపోటు మాత్రలు మాత్రం బాగా పెరిగాయి."

"బూసాన్‌లో తాగుడు తగ్గిందా?"

"యంత్రం అలాగే అంటోంది సార్."

"ఊరంతా మైదానంలో కూర్చుని తాగే బేస్‌బాల్ రోజుల్లోనా?"

"నాకూ అదే అనిపించింది," అంది ఆవిడ. "అందరూ అంత సంతోషంగా ఉన్నారు. మధ్యలో నేనెందుకు సార్, ఊరి పండగ చెడగొట్టడం?"

సాయంత్రానికల్లా దోహన్ నారింజ రంగు దుస్తులు తొడుక్కుని, మురుగు కాలువలు కడిగేవాడిగా శుద్ధి కేంద్రంలోకి దిగాడు. ఆ వాసనకి అతికించిన మీసం దానంతటదే ఊడింది. కేంద్రంలోకి రెండు పెద్ద కాలువలు వస్తాయి. ఒకటి రేవు నుంచి, బార్లూ క్లబ్బులూ ఉన్న వీధుల నుంచి. రెండోది కొండవాలు అపార్టుమెంట్ల నుంచి. అక్కడుండేది రిటైరైనవాళ్ళు. తెల్లారకముందే లేచి కొండెక్కి వ్యాయామం చేసి, జావ తాగి, మాత్ర వేసుకుని, చీకటి పడకుండానే పడుకునే పెద్దలు.

యంత్రం ఉండవలసిన చోటే ఉంది. దాని గొట్టం మాత్రం రెండు కాలువలు కలిసే చోట లేదు. గోడ వెంట వంగి వెళ్ళి కొండ కాలువలో మునిగి ఉంది. ఊరు మొత్తం అని దేశానికి చూపించింది కొండమీది తాతల, అవ్వల నీళ్ళు.

గొట్టాన్ని చువ్వకి కట్టిన ముడి చూసి దోహన్ నీళ్ళలోనే నిలబడిపోయాడు. రెండు చుట్లు, మధ్యలో ఒక మెలిక, కొస లోపలికి మడిచి ఉంది. నౌకాదళంలో పనిచేసి వచ్చిన తన డిప్యూటీ మో గిసోక్ ఒక్కడే అలా కడతాడు. గోదాములో తూటా తగిలిన రోజు దోహన్ తొడకి గుడ్డ కట్టిందీ ఆ ముడితోనే. కళ్ళజోడు అద్దాలకి ఆవిరి పడితే తుడుచుకుంటూ ఫొటో తీశాడు. ఎంతకి అమ్ముడుపోయావు గిసోక్ అనుకుంటూ ఆ రాత్రంతా మంచం మీద దొర్లాడు.

*

బేరం సంగతి తెలిసిన మనిషి ఊళ్ళో ఒకరే ఉన్నారు. ఎదురుగా వంతెన కనిపించే పచ్చిచేపల హోటల్ యజమానురాలు తక్ యేరిన్. తన ఊరు మకావు అని ఆమె చెప్పేది, చైనా సరిహద్దులోని యాంజీ అని పాస్‌పోర్టు చెప్పేది. ముఠా కబుర్లు దోహన్‌కి, దోహన్ కబుర్లు ముఠాకి అమ్మేది. ఆ సంగతి ఇద్దరికీ కొంత తెలుసు. అయినా ఆమె నవ్వితే ఇద్దరూ డబ్బిచ్చేవాళ్ళు. దోహన్ దళం విందులన్నీ అక్కడే జరిగేవి.

మర్నాడు పొద్దెక్కాక తలుపు నెట్టి రివాల్వర్ గురిపెట్టాడు దోహన్. ఎర్ర కోటు వేసుకుని, పక్కన సూట్‌కేసు పెట్టుకుని, అద్దంలో చూసి లిప్‌స్టిక్ దిద్దుకుంటోంది యేరిన్.

"కూర్చోండి దోహన్ గారూ. ఆ ఇనప ముక్క టేబుల్ మీద పెట్టకండి, గీతలు పడతాయి."

"గిసోక్‌ని ఎంతకి కొన్నారు?"

"ఆయన్నా? అమ్మకానికొస్తే కదా కొనడానికి. నేను ఒకసారి అడిగి చూశాను కూడా. దరిద్రం వదలాలని నా గుమ్మంలో ఉప్పు చల్లి మరీ వెళ్ళాడు."

"మరి గొట్టం ఎందుకు మార్చాడు?"

"మీరే మార్చమన్నారుగా."

"నేనా?"

యేరిన్ లిప్‌స్టిక్ మూత పెట్టింది. "వసంతంలో, ఇదే టేబుల్ దగ్గర. మీ ఎదురుగా మీవాళ్ళు ముగ్గురూ కూర్చున్నారు. మీ గ్లాసు ఖాళీ అయింది. గిసోక్ సీసా అందుకునేలోపు మీరే లాక్కుని మీ గ్లాసులో మీరే పోసుకున్నారు. గుర్తుందా?"

గుర్తుంది. పెద్దవాడు తన గ్లాసు తనే నింపుకున్నాడంటే, పక్కన కూర్చున్నవాళ్ళు బతికుండి ఏం లాభం అని ఈ దేశంలో అర్థం. చిన్నవాళ్ళ గుండెల్లో రాయి పడుతుంది. ఆ రోజు దోహన్ అదంతా ఆలోచించి చేయలేదు. సియోల్ నుంచి తిట్లు తిని వచ్చాడు, దాహమేసింది, పోసుకున్నాడు.

"పోసుకుని ఏమన్నారు?" అంది యేరిన్. "'ఈసారన్నా ఆ అంకె కాస్త దిగితే నలుగుర్లో తలెత్తుకు తిరుగుదును' అన్నారు. అని ఓ నిట్టూర్పు విడిచారు. నేనప్పుడు చేపముక్కల పళ్ళెం పెడుతున్నా. గిసోక్ మొహం చూశాను. మీరు చూళ్ళేదు, మీరు గ్లాసులోకి చూస్తున్నారు. ఆ రాత్రే మావాళ్ళకి కబురు పెట్టా. ఈ ఏడు బూసాన్ అంకె దిగుతుంది, ఓడలు వెళ్ళిపోతాయి, సరుకు సిద్ధం చేసుకోండని. నేను ఏ రహస్యమూ దొంగిలించలేదండీ. మీ నిట్టూర్పు అమ్ముకున్నాను, అంతే."

దోహన్ చెవులు కాలిపోతున్నాయి. రాత్రంతా పాము కోసం ఇల్లంతా వెతికినవాడికి, అది తన చొక్కాలోనే చుట్ట చుట్టుకుని ఉందని ఎవరో వేలుపెట్టి చూపించినట్టయింది. ఆ క్షణంలో ముఠా మీద కోపం రాలేదు, గిసోక్ మీదా రాలేదు. పర్సులో దాచుకున్న పేపరు ముక్క గుర్తొచ్చి, దాన్ని ఇంట్లో ఎవరెవరికి చూపించాడో గుర్తొచ్చి, భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"చిల్గుని ఎందుకు చంపారు?" అన్నాడు చివరికి.

అద్దం ముడుస్తున్న ఆమె చెయ్యి ఆగింది. "అది నాకు చెప్పలేదు. ఆదివారాలు నాకు పీతలు తెచ్చేవాడు. డబ్బులిస్తే తీసుకునేవాడు కాదు." అద్దం సంచిలో వేసుకుంది. "సీ ఆర్కిడ్ ఓర్యుక్ దీవుల వెనక కాసుకుని ఉంటుంది. మీ ఓడలు కనుమరుగు కాగానే చేపల పడవలు వెళ్ళి సరుకు దించుకుంటాయి. ఓడమీద వాళ్ళు మీ సభ టీవీలో చూస్తుంటారు. ఓడలు ఆగినా, మీ మొహం మాడినా, లంగరెత్తి వెళ్ళిపోతారు. బాగా నవ్వండి."

సూట్‌కేసు అందుకుంది. "మధ్యాహ్నం జపాన్ ఫెర్రీ ఎక్కుతున్నా. ఆపుతారా?"

ఆపాలి. ఆపడానికి దోహన్‌కి మొహం చెల్లలేదు. తలుపు తీసి పట్టుకున్నాడు.

*

బయట కారులో గిసోక్ ఉన్నాడు. సార్ పతకం తీసుకునే రోజని కారు కడిగించి, కొత్త టై కట్టుకుని వచ్చాడు. దోహన్ ఎక్కి కూర్చుని, కళ్ళజోడుతో తీసిన ఫొటో అతని ముందు పెట్టాడు. గిసోక్ ముడి చూశాడు. కారు వేగం తగ్గలేదు గానీ మెడ ఎర్రబడింది.

"చూసేశారా సార్."

"నేను అడిగానా నిన్ను?"

"లేదు సార్."

"మరి?"

"మీరు నోరు తెరిచి అడిగేదాకా ఆగితే ఇంక మేమెందుకు సార్?" సిగ్నల్ దగ్గర ఆపి, ముందుకే చూస్తూ అన్నాడు గిసోక్. "మూడేళ్ళయింది మీరు సరిగ్గా నవ్వి. ఆ రోజు మీ గ్లాసు మీరే పోసుకున్నారు. మాకు సిగ్గేసింది. ఇంటికెళ్ళి అన్నం తినలేదు సార్ నేను. ఒక్క ఏడాది, ఒక్క అంకె, ఎవరికి నష్టం అనుకున్నాం."

ఎవరికి నష్టమో దోహన్ చెప్పాడు. పీతల బుట్ట గురించి చెప్పాడు. గిసోక్ స్టీరింగ్ మీద తల పెట్టుకుంటే వెనక కార్లు హారన్ కొట్టాయి.

"మైకులో నేనే ఒప్పేసుకుంటా సార్. నేనే చేశానని."

"నోరెత్తకు. సీ ఆర్కిడ్ టీవీ చూస్తోంది. ఏడుపు మొహం తుడుచుకో."

చీఫ్‌కి ఫోన్ చేశారు. కలవలేదు. మంత్రి భద్రత కోసం రేవులో ఫోన్లు, వైర్‌లెస్‌లు పనిచేయకుండా కట్టేశారు. వీళ్ళు రేవు చేరేసరికి బ్యాండు మోగుతోంది. వేదిక మీద మంత్రి పక్కన చీఫ్ బాంగ్ పరిశీలకులకి ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. ఓడల తాళ్ళు విప్పుతున్నారు. మైకులో దోహన్ పేరు పిలిచారు.

*

ఆ మధ్యాహ్నం దేశమంతా చూసిన కరచాలనం మామూలు కరచాలనం కన్నా చాలా పొడుగు. మంత్రి గొప్ప మనసుకి అది నిదర్శనమని టీవీలో వ్యాఖ్యాత అన్నాడు.

"అభినందనలు," అన్నాడు మంత్రి చెయ్యి పట్టుకుని.

"నవ్వుతూనే వినండి సార్. అంకె తప్పు."

"ఏ అంకె?"

"మన అంకె. యంత్రానికి కొండమీది ముసలాళ్ళ నీళ్ళు పట్టించాం."

ఫ్లాష్‌లు వెలిగాయి. మంత్రి పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. "ఎవడు చేశాడు?"

"నేను సార్."

"చెయ్యి వదలకు. రుజువేంటి?"

"ఆ లెక్క ప్రకారం బూసాన్‌లో తాగుడు సగం తగ్గింది సార్."

మంత్రి అదే రేవులో నాచు మూటలు మోసినవాడి కొడుకు. అతని నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కళ్ళు మాత్రం ఆరిపోయాయి. "తగ్గిందా? మా బావమరిది ఒక్కడు చాలు కదయ్యా ఆ లెక్క తప్పని చెప్పడానికి. నన్ను నిండా ముంచావు. పరిశీలకులకి పొద్దున్నే డప్పు కొట్టాను."

"క్షమించమని అడగను సార్. సరుకు ఓర్యుక్ దీవుల వెనక ఉంది. ఓడలు ఆపకండి. బూర ఊది పంపండి. మలుపు దాటాక చుట్టూ తిరిగి వచ్చి పట్టుకోమనండి."

"నాకు నేర్పకు. వంగు."

దోహన్ నడుము దాకా వంగాడు. పతకం రిబ్బను మెడ మీద పడింది.

"సార్, ఇది నేను తీసుకోలేను."

"తీసుకోక? కెమెరాలున్నాయి. వేసుకుని తిరుగు. నీకు నేనిచ్చే శిక్ష ఇదే."

మంత్రి అక్కణ్ణుంచి గబగబా మెట్లు దిగాడు. కార్యక్రమంలో లేకపోయినా ఓడ ఎక్కే నిచ్చెన దగ్గరికి వెళ్ళి కెప్టెన్‌ని కావలించుకున్నాడు. ఆ కౌగిలింత కూడా పొడుగే అయింది. అప్పుడే దోహన్‌కి జనంలో ఒక ఐస్‌క్రీమ్ బండి కనిపించింది. దాని వెనక తెగిన కనుబొమ. వాడు కెప్టెన్ వైపే చూస్తున్నాడు. వాడి చెయ్యి మెల్లగా ఐసు డబ్బాలోకి దిగింది. పైకి వచ్చేటప్పుడు అందులో పొట్టి గొట్టంలాంటిది మెరిసింది. ఆకాశంలోకి ఎర్ర మంట ఎగరేసే తుపాకీ అది. ఫోన్లు పనిచేయని రేవులో సీ ఆర్కిడ్‌కి అదే కబురు.

దోహన్ వేదిక దిగాడు. పరిగెత్తకూడదు. కెమెరా తనతోపాటే వస్తోంది. పతకం వేసుకున్న వీరుడు ఐస్‌క్రీమ్ కొనుక్కోవడానికి జనంలోకి వస్తున్నాడని అందరూ చప్పట్లు కొట్టారు. అతను నవ్వుతూ, చేతులు కలుపుతూ, పిల్లల తలలు నిమురుతూ నడిచాడు. తుపాకీ డబ్బా అంచు దాటి పైకి లేచింది.

"వెనిలా ఉందా?" అన్నాడు దోహన్. ఆటోగ్రాఫ్ ఇచ్చేవాడిలా పెన్ను తీసి వాడి ముక్కు కింద నొక్కాడు.

వాడి వేలు ట్రిగ్గర్ మీద ఉండగానే కళ్ళు మూతపడ్డాయి. పడిపోతున్నవాణ్ణి గిసోక్ వెనకనుంచి చంకల కింద చేతులేసి పట్టుకున్నాడు. "ఎండదెబ్బ, గాలి ఆడనివ్వండి" అంటూ బండితో సహా లాక్కెళ్ళిపోయాడు. ఓడలు బూర ఊది కదిలాయి. మంత్రి జెండా ఊపాడు. ఇక మిగిలింది స్కూలు పిల్లల పాట. అది అయ్యేదాకా పతకం వేసుకున్నవాడు వేదిక మీద చిరునవ్వుతో నిలబడాలి, నిలబడ్డాడు. పాట చివరి చరణంలో దీవుల వైపునుంచి సైరన్ వినపడింది. సీ ఆర్కిడ్‌ని సరుకుతో సహా, దించుకునే పడవలతో సహా చుట్టేశారు. గెలిచామని చీఫ్ బాంగ్ దూరంనుంచి కన్ను గీటాడు. దోహన్ మాత్రం తల తిప్పుకున్నాడు.

*

గొట్టం సంగతి తెలిసినవాళ్ళ మధ్యే ఉండిపోయింది. అది బయటపడితే యేరిన్ సంగతి, చిల్గు సంగతి, అతను చేరవేసిన కబుర్లన్నీ బయటపడతాయి. గిసోక్ ఇచ్చిన రాజీనామా చీఫ్ చించేశాడు. దోహన్ రాజీనామా విప్పి చూడనేలేదు. "తప్పు చేసినట్టు నీకు రికార్డెక్కడుంది? రికార్డులో పతకముంది," అన్నాడు.

ఆసుపత్రి వెనక అంత్యక్రియల హాలులో చిల్గు ఫొటో నల్ల రిబ్బను కట్టి పెట్టారు. అద్దెకి తెచ్చిన కోటులో దిగిన ఫొటో, మెడ దగ్గర వదులుగా ఉంది. వచ్చినవాళ్ళు ఓ మూల కూర్చుని ఎర్రటి పులుసులో అన్నం కలుపుకుని తింటున్నారు. దోహన్ అగరొత్తి వెలిగించాడు. చిల్గు భార్య నల్లబట్టల్లో ఎదురుగా వచ్చి వంగింది.

"మీరు టీవీలో వచ్చారుగా," అంది. "మా ఆయన ఎప్పుడూ మీ మాటే. ఆ సారు ఉంటే ఊరు బాగుపడుతుందే అనేవాడు. అంకె తగ్గిందని పేపర్లో పడ్డ రోజు ఇంట్లో కోడి కూడా కోశాం."

దోహన్ వాలిపోతున్న అగరొత్తిని సరిగ్గా గుచ్చాడు.

"పతకం తెచ్చారా?"

జేబులో ఉంది. లేదని చెప్పాలనుకున్నాడు. చెయ్యి మాత్రం జేబు మీదికి పోయింది, ఆవిడ చూసింది.

"ఒక్కసారి వేసుకోండి బాబూ. ఆయనకి చూపించండి."

ఆవిడే రిబ్బను విప్పి అతని మెడలో వేసింది. వంకరగా ఉంటే సరిచేసింది. ఫొటోలో చిల్గు అదే పీతలు అమ్మే మొహంతో చూస్తున్నాడు. దోహన్ మోకాళ్ళ మీదికి వంగి నుదురు నేలకి ఆనించాడు. పతకం నేలకి తగిలి చిన్నగా చప్పుడైంది. పోయినవాళ్ళకి రెండుసార్లు వంగి లేవాలి. అతను మొదటిసారి వంగి చాలాసేపు లేవలేదు. ఎంత దగ్గరి స్నేహితుడో పాపం అని అన్నం తింటున్నవాళ్ళు అనుకున్నారు.

*

గొట్టం మళ్ళీ రెండు కాలువలు కలిసే చోటికి చేరింది. ఈసారి దోహనే స్వయంగా దిగి కట్టాడు. వికారమైన ముడి, అయినా గట్టిగానే ఉంది. శరత్కాలంలో కొత్త అంకె వచ్చింది. మత్తుమందుల్లో బూసాన్‌దే మొదటి స్థానం, తాగుడులోనూ బూసాన్‌దే. ఓడలు తిరిగొచ్చాయి. సియోల్ సమావేశంలో దోహన్ తల వంచుకుని కూర్చున్నాడు. పెద్ద అంకె వల్లే అనుకున్నారు పక్కవాళ్ళు.

ఆ సాయంత్రం దళమంతా కాల్చిన కానాగంత చేపలు అమ్మే చిన్న కొట్టులో చేరింది. వంతెన కనిపించే హోటల్‌కి ఇప్పుడు తాళం వేసి ఉంది. దోహన్ సీసాకి దూరంగా, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గ్లాసు ఖాళీ కాకముందే గిసోక్ నింపుతున్నాడు. మాటలు నడుస్తున్నాయి. కొట్టు బయట ఎవరో బుట్టతో పీతలు తీసుకెళుతుంటే దోహన్ కళ్ళు అటు వెళ్ళాయి. తెలియకుండానే ఒక పెద్ద నిట్టూర్పు వచ్చింది.

ముగ్గురి చాప్‌స్టిక్‌లూ గాల్లో ఆగిపోయాయి. ఒకడు లేచి నిలబడ్డాడు. గిసోక్ చెయ్యి కారు తాళాల మీద ఉంది.

"ఏం లేదయ్యా," అన్నాడు దోహన్ కంగారుగా. "ముల్లు. ఒట్టి చేప ముల్లు. ఎవరూ ఎక్కడికీ వెళ్ళకండి."